మొదటి చెంచా

"మీరొక్కరే లోపలికి రండి" అని సర్జన్ పిలిచిన చోట పోయిన వారం మనం ఆగిపోయాం. ఆ పిలుపు విని కేకులక్క చెల్లెలు లేచి నిలబడింది గాని, అడుగు ముందుకు పడలేదు. మంచి మాట చెప్పాలనుకున్న డాక్టరు అందరినీ పిలుస్తాడు. ఒక్కరినే పిలిచారంటే గుండె గుబగుబలాడక ఏం చేస్తుంది?

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. వీధి చివర బేకరీ నడిపే కేకులక్కకు ఒంట్లో బరువు, రక్తంలో చక్కెర రెండూ పోటీ పడి పెరుగుతూ వచ్చాయి. ఇన్సులిన్ మోతాదు పెంచిన కొద్దీ ఆకలి పెరిగేది, ఆకలి పెరిగిన కొద్దీ బరువు పెరిగేది, బరువు పెరిగాక మళ్ళీ మోతాదు పెంచేవారు. ఓ రోజు పొయ్యిలోంచి తీసిన ట్రే కాలి మీద పడితే ఆమెకు నొప్పి తెలియలేదు. మాడు వాసన వస్తోంది, కేకు చూడండి అని మొగుడి మీద కేకలేసింది. మాడింది కేకు కాదని చెల్లెలు చూసి చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ అమ్మ ఇదే జబ్బుతో ఒక కాలు పోగొట్టుకుని, ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. అందుకే చెల్లెలు పట్టుబట్టి అక్కను ఆపరేషన్‌కు ఒప్పించింది. పొట్టను చిన్నది చేస్తారు. బరువు దిగుతుంది, చాలామందికి చక్కెర కూడా అదుపులోకి వస్తుంది, సూదులు తగ్గుతాయి. ఇన్ని వారాలుగా మనం చదువుతున్నది ఆ ఒప్పించడమే. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ద్రవాహారం తప్ప ఏమీ ముట్టకూడదన్నారు. ఆ రెండు వారాలూ అయిపోయి, ఇవాళ అక్క ఆసుపత్రి మంచం మీద ఉంది.

సర్జన్ గొంతు పెంచని మనిషి. కుర్చీ చూపించి, ముందు చెల్లెలి చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చింది. దాంతో చెల్లెలి భయం రెట్టింపయింది.

"స్కాన్‌లో చూస్తే మీ అక్కగారి లివర్ తగ్గలేదమ్మా" అంది సర్జన్.

"లివరా? ఆపరేషన్ పొట్టకి కదండీ?"

సర్జన్ చీటీ వెనక రెండు గీతలు గీసి చూపించింది. "ఇది పొట్ట. దీని మీద లివర్ మూత పెట్టినట్టు కూర్చుని ఉంటుంది. నేను పొట్ట దగ్గరికి వెళ్ళాలంటే దాన్ని ఎత్తి పట్టుకోవాలి. కొవ్వు పట్టిన లివర్ పెద్దగా, మెత్తగా ఉంటుంది. ఎత్తేటప్పుడు చిట్లిందంటే రక్తం ఆపడం చాలా కష్టం. మేం ద్రవాహారం పెట్టించేది ప్రధానంగా దాన్ని కుదించడానికే. సరిగ్గా చేస్తే మూడొంతుల మందికి పైగా తేడా కనిపిస్తుంది. ఈవిడకి ఏమాత్రం లేదు. పొద్దున చక్కెర కూడా ఎక్కువుంటే ఇన్సులిన్ సూది వేయించాను."

"అంటే?"

"అంటే రెండే దారులు. ఆవిడ ఏదో తింటున్నారు. లేదా మాకింకా తెలియని జబ్బేదో లోపల ఉంది. తింటుంటే ఇంకో రెండు వారాలు ఆగి చేస్తాం. తినకపోతే మాత్రం ఆ రెండోదాన్ని వెతకాలి. నేనడిగితే ఏమీ తినలేదంటున్నారు. మీరొకసారి అడిగి చూడండి. థియేటర్‌కి తీసుకెళ్ళే లోపు నాకు నిజం కావాలి."

నిజం రాబట్టడానికి సర్జన్ మంచి మనిషినే ఎంచుకుంది. చెల్లెలు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. డ్రైవర్లు ఆమెను చాటుగా చెకింగమ్మ అంటారు. టికెట్ లేనివాడు నిద్ర నటించినా, కిటికీలోంచి ప్రకృతిని ఆరాధించినా, చెకింగమ్మ నేరుగా వాడి దగ్గరికే వెళ్ళి చేయి చాపుతుంది. కన్నతండ్రిని కూడా ఒకసారి దింపేసిందని డిపోలో చెప్పుకుంటారు. అది అబద్ధం. దింపలేదు, జరిమానా కట్టించింది.

గదిలో అక్క మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది. ఆసుపత్రి గౌను నాడాలు అందక, నర్సు ఇంకో గుడ్డపీలిక జత చేసి కట్టింది.

"ఈ గౌను కుట్టినవాడు నన్ను చూసి కుట్టలేదే" అంది అక్క. "నా దిండు గలీబు ఇంతకంటే వదులుగా ఉంటుంది."

చెల్లెలు నవ్వలేదు. స్టూలు లాక్కుని అక్క ముఖానికి ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఒక మాట అడుగుతాను. నన్ను చూసి చెప్పు."

"అమ్మో, టికెట్ అడిగే ముఖం పెట్టావు. నా దగ్గర పాస్ ఉంది తల్లీ."

"ఈ రెండు వారాల్లో ఏమైనా తిన్నావా?"

అక్క ముఖంలో నవ్వు పోయింది. "డాక్టరమ్మ అడిగింది, నర్సు అడిగింది, ఇప్పుడు నువ్వూనా? ఏం తిన్నానే? ఆ పొడి కలిపిన నీళ్ళు తాగి తాగి నోరు చచ్చిపోయింది. కొట్లో పిల్లలు బన్ను కొరుకుతుంటే ముఖం తిప్పుకున్నాను. ఒక బిస్కట్ ముక్క, ఒక బ్రెడ్డు తునక నోట్లో పెట్టుకున్నానంటే నీ మీద ఒట్టు."

"నిజంగా?"

"నేను ఎప్పుడైనా నీ మీద ఉత్తుత్తి ఒట్టు వేశానా?"

వేయలేదు. చెల్లెలు ఆ ముఖాన్ని కళ్ళ దగ్గర్నుంచి గడ్డం దాకా వెతికింది. ఎక్కడా అబద్ధం లేదు. రెప్ప కొట్టుకోలేదు, గొంతు తడబడలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రమైన ముఖం ఆమె చూడలేదు. అక్క ఏమీ తినలేదు.

అయితే మిగిలింది రెండో దారే. తెలియని జబ్బు అని సర్జన్ అన్న మాట చెల్లెలి చెవిలో తిరుగుతోంది. అమ్మకు కూడా చివర్లో డాక్టర్లు ఇలాగే, ఇంకేదో ఉన్నట్టుంది, చూడాలి అన్నారు. చూసేలోగా అంతా అయిపోయింది. అక్కను ఈ మంచం దాకా లాక్కొచ్చింది తనే. భయమేసి చెల్లెలు అక్క చేయి పట్టుకుంది. ఆ చేతికి వెనీలా వాసన ఎప్పటికీ వదలదు.

"ఏమైందే? డాక్టరమ్మ ఏమంది?"

"ఏం లేదు. ఊరికే."

"నీకు అబద్ధం చెప్పడం రాదు. పట్టుకోవడమే వచ్చు" అంది అక్క.

అప్పుడే బావ వచ్చాడు.

బావ గురించి చెప్పాలంటే ఎక్కువ మాటలు అక్కర్లేదు, ఎందుకంటే ఆయన దగ్గరా ఎక్కువ మాటలు లేవు. పొయ్యి దగ్గర పని ఆయనది, రుచి సంగతి అక్కది. పెళ్ళైన కొత్తలో నెల రోజుల పాటు ఈయన మూగేమో అని అక్క అనుమానపడిందట. ఇవాళ్టికి కొట్టు మూసేయమని చెల్లెలు చెప్పి చూసింది. ఎవరిదో పుట్టినరోజు కేకు ఒప్పుకున్నాం, అది ఇచ్చేసి వస్తానన్నాడు. అనడం అంటే వేలితో కేకు పెట్టె చూపించాడు.

వచ్చినవాడు సంచిలోంచి మూత గిన్నె తీశాడు. చొక్కా జేబులోంచి, రుమాల్లో చుట్టిన చెంచా తీశాడు. గిన్నెలో చెంచా ముంచి, అంచుకు ఒకసారి ఒత్తి, కింద చేయి అడ్డం పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

అక్క నోరు తెరిచింది.

చెల్లెలు చూస్తూనే ఉంది. చూస్తున్నది ఏమిటో బుర్రకు ఎక్కలేదు. అంత మామూలుగా జరిగింది ఆ పని. అక్క కళ్ళు మూసుకుని, నాలుకను అంగిలికి ఆనించి, ఓ క్షణం ఆగింది.

"నిమ్మ ఒక చుక్క ఎక్కువైంది" అంది. "వెన్న ఇంకాస్త గిలకొట్టండి. మిగతాది బాగుంది."

బావ తల ఊపాడు. ఇద్దరి ముఖాల్లోనూ పని సజావుగా జరిగిన తృప్తి.

"ఏంటది?" అంది చెల్లెలు. స్టూలు ఎప్పుడు వెనక్కి పడిందో ఆమెకు తెలియదు.

"నిమ్మ క్రీము" అన్నాడు బావ.

"అక్కా! ఏంటది? ఇప్పుడేం చేశావు నువ్వు?"

అక్క తెల్లబోయింది. "ఏం చేశాను?"

"తిన్నావు! పొట్ట ఖాళీగా ఉండాలని నిన్నట్నుంచి చెవినిల్లు కట్టుకుని చెప్తున్నారు. నా కళ్ళ ముందే తిన్నావు!"

"ఇది తినడం ఏంటే? రుచి చూశాను."

నిజం చెప్పాలంటే అక్క దొంగ మాట మాట్లాడలేదు. వాళ్ళ బేకరీలో కలిపిన ప్రతి గిన్నెకూ మొదటి చెంచా అక్కది. జారు పిండి, పాకం, క్రీము, జామ్, ఏది కలిపినా బావ చెంచా పట్టుకుని అక్క ఎక్కడుంటే అక్కడికి వస్తాడు. మెట్ల మీద ఉన్నా సరే, ఫోన్లో మాట్లాడుతున్నా సరే. బాగోలేదంటే సరిచేసి మళ్ళీ తెస్తాడు. పోయిన చలికాలంలో రక్తంలో చక్కెర పడిపోయి అక్క పిండి బస్తాల పక్కన కూలబడింది. అలా పడిపోయే ముందు రావాల్సిన చెమటలు, చేతుల వణుకు ఆమెకు ఇప్పుడు రావడం లేదు, చెప్పాపెట్టకుండా పడిపోతుంది. అప్పుడు కూడా బావ చెంచాడు పాకం నోట్లో పోస్తే కళ్ళు తెరిచి, పాకం ముదిరింది అంది. ఆ ఇంట్లో అది తిండి కాదు. తిండి అంటే కంచం ముందు కూర్చునేది.

"ఈ రెండు వారాలూ రుచి చూశావా?" అంది చెల్లెలు మెల్లగా.

"చూడకపోతే కొట్టు ఎలా నడుస్తుంది?"

"ఉమ్మేసేదానివా?"

"మీ బావ చేతి క్రీము ఉమ్మేస్తానా?" అక్కకు నిజంగానే కోపం వచ్చింది.

"బావా, రోజుకి ఎన్ని గిన్నెలు కలుపుతారు మీరు?"

బావ ఎడమ చేతి వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. ఆ చేయి అయిపోయింది. కుడి చేతిలోని చెంచాను జేబులో పెట్టి ఆ వేళ్ళ మీదా లెక్కపెట్టాడు. అవీ అయిపోయాయి. మళ్ళీ ఎడమ చేతికి వచ్చి, సగంలో ఆగిపోయాడు. ఆయన ముఖం పాలిపోయింది.

చెల్లెలికి నవ్వొచ్చింది. తన నవ్వు చూసి తనకే భయమేసింది గాని ఆగలేదు. తెలియని జబ్బు ఏదీ లేదు. ఒక చెంచా ఉంది, అంతే. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఆ గిన్నె బయట పారేసి రండి బావా. నేను డాక్టరమ్మకి చెప్పాలి" అంది.

"చెప్పకు" అంది అక్క.

"అక్కా..."

"ఒక్క చెంచా. దానికేం కొంపలు మునగవు. ఇవాళ చేయించేసుకుంటాను. చెప్పావంటే ఆపేస్తారు."

"ఆపేస్తే రెండు వారాలాగి చేస్తారు. మత్తులో వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. లివర్ చిట్లుతుందట. నీకు తెలుసా ఆ సంగతి?"

"నాకు నా సంగతి తెలుసు!" అంది అక్క. "ఇవాళ ఈ గుమ్మం తొక్కడానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నానో నీకేం తెలుసు? లోపలికెళ్ళి బయటికి వస్తానో రానో అని కొట్లో ప్రతి డబ్బాని చేత్తో తడిమి వచ్చాను. మళ్ళీ అంత ధైర్యం నా వల్ల కాదే. ఇవాళ కాకపోతే నేనిక రాను. చంపినా రాను."

టికెట్ లేని ఎవరినీ చెల్లెలు ఇంతవరకూ వదల్లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళను కూడా వదల్లేదు. కానీ వాళ్ళలో ఒక్కరూ అక్క కాదు. చెప్తే అక్క ఎప్పటికీ రాదు, అమ్మ దారిలోనే పోతుంది. చెప్పకపోతే ఇవాళే ఏమైనా కావచ్చు.

"ఇంకో సంగతి" అంది అక్క, ఈసారి చాలా చిన్నగా. "ఆపరేషన్ అయ్యాక తీపి ఇక పడదట కదా. ఆయన నాతో మాట్లాడేది ఆ చెంచాతోనే. బాగున్నావా అని ఈ మనిషి నోరు తెరిచి ఒక్కనాడు అడగలేదు. పోట్లాడుకున్న రోజు కూడా చెంచా తెచ్చేవాడు. అది కూడా పోతుందని తెలిసే ఒప్పుకున్నాను నేను. నీ కోసం ఒప్పుకున్నాను."

చెల్లెలు బావ వైపు తిరిగింది. బావ గదిలో లేడు.

బయట వరండాలో గోడకు ముఖం పెట్టి ఏడుస్తూ ఉంటాడని చెల్లెలు అనుకుంది. కానీ తలుపు తెరుచుకున్నప్పుడు ముందు సర్జన్, వెనక నర్సు, వాళ్ళ వెనక గిన్నె సంచి గుండెకు హత్తుకుని బావ వచ్చారు.

"నేనే పెట్టానమ్మా" అన్నాడు బావ. ఆ గొంతు గది మొత్తానికీ కొత్తగా ఉంది. "రెండు వారాలూ నేనే పెట్టాను. ఇప్పుడు కూడా పెట్టాను. దాని తప్పేం లేదు. కోయకండి."

అక్క ఆయన వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళకి నోరు తెరిచి, నా మీద చాడీ చెప్పారా?" అంది.

సర్జన్ కసురుకోలేదు. నిజానికి ఆమె ముఖం తేలికపడింది. ఇది శిక్ష కాదని, ఇవాళ్టి ఆపరేషన్ ఆపుతున్నానని, ఈసారి రెండు వారాలు కొట్టుకు దూరంగా ఉంటే చాలని, తీపి మాట తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందామని చెప్పింది. నర్సు వైపు తిరిగి, "ముందు ఆవిడకి తాగడానికి ఏదైనా పట్టుకురండి" అంది.

"నాకేం వద్దు" అంది అక్క.

"తాగాలమ్మా, తప్పదు."

"సరే" అంది అక్క.

ఆ సరే చెల్లెలికి నచ్చలేదు. కదిలే బస్సులోంచి దూకేవాళ్ళు దూకే ముందు అంత బుద్ధిగా ఉంటారు. కానీ సర్జన్ మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్తానంటూ బయటికి నడిచింది, చెల్లెలు ఆమె వెంట వెళ్ళక తప్పలేదు. బావ చెంచా కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నర్సు గ్లాసు కోసం వెళ్ళింది. గదిలో అక్క ఒక్కతే మిగిలింది.

చెల్లెలు తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. గౌను మడతపెట్టి దిండు మీద ఉంది, దాని మీద తెంపేసిన చేతి పట్టీ ఉంది. అక్క ఫోను బల్ల మీదే ఉంది. బావ తడి చెంచా పట్టుకుని, దారి తప్పినవాడిలా నిలబడి ఉన్నాడు.

నర్సు గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. "ఆవిడేరి?"

"ఇంటికెళ్ళి ఉంటుంది. కోపం వచ్చింది" అంది చెల్లెలు.

"ఇంటికేంటండీ? పొద్దున ఇన్సులిన్ సూది వేశాం. థియేటర్‌కి తీసుకెళ్ళేటప్పుడు గ్లూకోజ్ ఎక్కిద్దామనుకున్నాం, ఇంకా పెట్టనే లేదు. నిన్న సాయంత్రం నుంచి ఆ చెంచాడు క్రీము తప్ప పొట్టలో ఏమీ లేదు. ఇప్పుడు చక్కెర పడిపోతుంది. పడిపోయేది ఆవిడకి తెలియదు కూడా!"

చెల్లెలు కిటికీ దగ్గరికి దూకింది. ఎదురుగా ఉన్న స్టాపులోంచి బస్సు అప్పుడే కదులుతోంది. వెనక నుంచి మూడో కిటికీలో అక్క ముదురు నీలం శాలువా కనిపించింది. తల అద్దానికి ఆన్చి ఉంది. ఏడుస్తోందో, నిద్రపోతోందో, ఇంకేమైనా అయిందో ఇక్కడి నుంచి తెలియదు. బస్సులోవాళ్ళకూ తెలియదు. అలసిపోయి కునుకు తీస్తోందనుకుంటారు.

అది వంతెన దాటేదాకా ఎక్కడా ఆగని బస్సు. దాంట్లో కండక్టరు ఉండడు, డ్రైవరే టికెట్ ఇస్తాడు. నడిపేటప్పుడు డ్రైవరు ఫోను ఎత్తడు. ఎత్తినవాళ్ళను పట్టుకుని జరిమానా రాసింది ఈ చెకింగమ్మే.

"బావా!" అని అరిచింది చెల్లెలు, అప్పటికే గుమ్మం దాటుతూ. "ఆ గిన్నె పారేశారా?"

బావ సంచిని వెనక్కి దాచుకున్నాడు. "లేదమ్మా" అన్నాడు, దొరికిపోయినవాడి గొంతుతో. "పారెయ్యబుద్ధి కాలేదు."

"బతికించారు! చెంచా కూడా పట్టుకుని పరిగెత్తండి!"